మాటలు ఆవిడవి, దగ్గు నాది

ఈమధ్య మా వీధిలో పిల్లలు కొందరు కలిసి ఒక చిన్న సినిమా తీశారు. దాన్ని ఏదో అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి పంపుతున్నారట. "మీరు వెళ్లొచ్చారు కదా ఆంటీ, అక్కడ ఎలా ఉంటుందో చెప్పండి" అని వచ్చి కూర్చున్నారు. ఎలా ఉంటుందంటే ఏం చెప్పమంటారు? హాలు చల్లగా ఉంటుంది. కాఫీ కూడా చల్లగానే ఇస్తారు. ఆ ముక్కే చెప్పాను. నవ్వుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక, అసలు సంగతి చెప్పకుండా పంపించేశానే అనిపించింది. అందుకని రాస్తున్నాను. నాకు రాయడం అలవాటు లేదు. ఇన్నేళ్లూ ఎవరో రాసింది చెప్పడమే నా పని.

నేను పుట్టింది, పెరిగింది, ఇప్పుడు ఉంటున్నది అంతా చీరాలలోనే. మా నాన్న మగ్గం నేసేవాడు. ఇంట్లో మగ్గాలు ఆడుతుంటే ఆ చప్పుడు మీద మాట్లాడితేగాని అవతలి గదిలోవాళ్లకి వినపడదు. అలా పెద్ద గొంతు వచ్చింది నాకు. ఆ గొంతుతోనే నాటకాల్లోకి వచ్చాను. అప్పట్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరూరా నాటక పరిషత్తులు పోటీలు పెట్టేవి. ఆడవేషాలకి మనుషులు తక్కువ. అందుకని ఒకే పోటీల్లో మూడు నాలుగు సమాజాలవాళ్లు నన్నే పిలిచేవాళ్లు. సోమవారం తల్లిని, మంగళవారం పెళ్లాన్ని, బుధవారం పోలీసు ఇన్‌స్పెక్టర్ని. ఉత్తమ నటి షీల్డులు గోడకి పట్టక మా ఆయన అటక మీదకి ఎక్కించాడు.

నాది తియ్యటి గొంతు కాదు. బొంగురు. కానీ తెర వెనక నుంచి ఒక్క మాట అన్నానంటే చాలు, చివరి బెంచీలో వాడు కూడా "అదిగో, వచ్చింది" అనేవాడు. మొహం చూసి నన్ను గుర్తుపట్టినవాళ్లు తక్కువ. రంగు కడిగేసుకుంటే బస్సులో పక్క సీటులో కూర్చున్నవాళ్లకి కూడా నేనెవరో తెలిసేది కాదు. "కాస్త జరగండి" అంటే తెలిసిపోయేది. నా ఆస్తి అంతా ఆ గొంతే అని మీకు అర్థమైతే, తర్వాత జరిగింది కూడా అర్థమవుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. నాకు నలభై దాటాయి. పరిషత్తులు తగ్గిపోతున్నాయి. ఉన్నవాళ్లు కూడా వయసులో ఉన్న అమ్మాయిల్ని వెతుక్కుంటున్నారు. తల్లి వేషాలకి పిలుపు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఇంకో రెండు మూడేళ్లలో మానేసి ఇంట్లో కూర్చోవాలేమో అనుకుంటుండగా ఒంగోలు వైపు కుర్రాడు ఒకడు వచ్చాడు. ఎక్కడో సినిమా చదువు చదివి వచ్చాడు. సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనివాడిలా ఉండేవాడు. మిరప కల్లంలో కాయల్ని కాపలా కాసుకుంటూ ధర కోసం ఎదురుచూసే ఒంటరి ఆడమనిషి కథని సినిమాగా తీస్తానన్నాడు. ఆ ఆడమనిషి నేను. డబ్బు పెట్టేది గుంటూరులో పత్తి జిన్నింగు మిల్లు ఉన్న ఆసామి. ఆయనకి నాటకాలంటే ప్రాణం. నా నాటకాలు చూడని ఏడాది లేదని ఆయనే చెప్పాడు. పాటల్లేవు, ఫైట్లు లేవు, ఇదేం సినిమా అని ఆయనకి కూడా అనుమానంగానే ఉండేది. కానీ మాట ఇచ్చాడు కాబట్టి తీశాడు.

చిలకలూరిపేట దాటాక ఒక ఊళ్లో షూటింగు. మిరప కోతలు జరిగే రోజులు. మా నాటకాల మేకప్ బాబాయిని కూడా పిలిపించారు. ఆయన గుంటూరు మనిషి, సాయిబు. నా మొదటి నాటకం నుంచి నా మొహానికి రంగు వేసింది ఆయనే. తీరా వచ్చాక డైరెక్టరు ఎవరికీ మేకప్ వద్దన్నాడు. బాబాయి మొహం మాడ్చుకుని ఒక పూటంతా పెట్టె మీద కూర్చున్నాడు. అప్పుడు డైరెక్టరుకి ఒక కష్టం వచ్చింది. కల్లంలో కాయలు రోజురోజుకీ ఎండి రంగు మారిపోతున్నాయి. నిన్న తీసిన సీనులో ఎర్రగా నిగనిగలాడిన కాయ ఇవాళ ముడుచుకుపోయి నల్లబడింది. సీనుకి సీనుకి పొంతన కుదరడం లేదు. బాబాయి లేచి, నాకు వదిలేయండి అన్నాడు. ఆ రోజు నుంచి ఊళ్లో కల్లాలన్నీ తిరిగి ఏ సీనుకి ఏ రంగు కాయ కావాలో ఏరుకొచ్చి, రంగు పోయిన తాలు కాయలు పక్కకి తీసేసి, నా ముందు పరిచేవాడు. మనుషులకి వేసే రంగు మిరపకాయలకి వేస్తున్నానమ్మా అని అందరితో గొప్పగా చెప్పుకునేవాడు.

నా అవస్థ వేరు. డైరెక్టరు పొద్దున లేస్తే ఒకటే మాట, తగ్గించండక్కా, తగ్గించండక్కా అని. గొంతు తగ్గించాలి, చేతులు తగ్గించాలి, కళ్లు తగ్గించాలి. వ్యాపారి వచ్చి తక్కువ ధర చెబితే నేను వెనక్కి పంపించేసే సీను ఒకటి ఉంది. ఎన్నిసార్లు తీసినా మాట చెప్పి ఒక్క క్షణం ఆగి, తర్వాత మాట చెబుతున్నానట. ఎందుకు ఆగుతున్నారని అడిగాడు. చప్పట్లకి ఆగుతున్నానండీ అన్నాను. నిజంగానే. పరిషత్తుల్లో ఆ మాటకి చప్పట్లు పడి తీరతాయి. ఆగకుండా తర్వాత మాట చెబితే ఆ చప్పట్లలో అది కొట్టుకుపోతుంది. అది ఏళ్ల అలవాటు. అతను నవ్వలేదు. ఇక్కడ కొట్టేవాళ్లు లేరక్కా, కాకులే ఉన్నాయి అన్నాడు. ఆ మాటతో నాకు కొంత అర్థమైంది. తర్వాత తర్వాత అతను తగ్గించమనడం మానేశాడు. అంటే నేను నేర్చుకున్నానో, అతను విసిగిపోయాడో నాకు తెలియదు.

షూటింగు చేస్తూనే మాటలు కూడా రికార్డు పట్టాలని అతని కోరిక. అందుకు ఒక మనిషిని, ఒక యంత్రాన్ని తెప్పించాడు. అయితే మిరప కల్లంలో కూర్చుని మాటలు చెప్పడం మీలో ఎవరైనా చేసి చూడండి. ఘాటుకి ముక్కు కారుతుంది, కళ్లు మండుతాయి, ప్రతి రెండో మాటకీ దగ్గు. దానికి తోడు అవతల ఆయిల్ ఇంజన్లు, ఇవతల మిరప బస్తాలు, అదే టిక్కీలు, ఎత్తుకునే ట్రాక్టర్లు. ఆ యంత్రం మనిషి పట్టినంత పట్టి చేతులెత్తేశాడు. మాటలన్నీ తర్వాత స్టూడియోలో చెప్పిద్దామని తేల్చారు.

అప్పటి సినిమా పద్ధతి మీకు చెప్పాలి. తెర మీద మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. బయటి నుంచి వచ్చిన హీరోయిన్లకి తెలుగు రాదని చేసుకున్న ఏర్పాటు అది. పోనుపోను తెలుగు తప్ప ఇంకేమీ రానివాళ్లకి కూడా అంటగట్టారు. అందులో తప్పు ఉందని ఎవరికీ తోచలేదు. నాక్కూడా తోచలేదు, నా దాకా వచ్చేవరకు. నన్ను హైదరాబాదు తీసుకెళ్లి ఒక గదిలో నిలబెట్టి, చెవులకి ఏదో తగిలించి, తెర మీద నా బొమ్మ వేశారు. నా పెదాలు కదిలినప్పుడు నేను మాట్లాడాలి. నా పెదాలే కదా, ఎంతసేపు అనుకున్నాను. అబ్బే! తెర మీద నేను నోరు తెరిచాక ఇక్కడ మొదలుపెట్టేదాన్ని. అక్కడ నేను నోరు మూశాక కూడా ఇక్కడ చెబుతూనే ఉండేదాన్ని. మైకు పగిలిపోతుందని దాన్ని అవతలి గోడ దాకా జరిపారు. సాయంత్రానికి, మళ్లీ కబురు చేస్తామని చెప్పి రైలెక్కించారు. ఆ కబురు రాలేదు. సినిమా ఆగిపోయిందేమో, డబ్బులైపోయాయేమో అనుకున్నాను.

కొన్ని నెలలకి మిల్లు ఆసామి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. సినిమా పూర్తయిందట. పడమటి సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, దేశదేశాల సినిమాలు వస్తాయి, అక్కడ మన సినిమా మొట్టమొదటిసారి వేస్తారు, నువ్వు రావాలమ్మా అన్నాడు. ఆ సంబరంలో మాటల సంగతి అడగాలని కూడా గుర్తుకు రాలేదు. చీరాలంతా తెలిసిపోయింది. నాతో వేషాలు వేసినవాళ్లు, మానేసినవాళ్లు అంతా స్టేషనుకి వచ్చి దండ వేశారు. నేను ఒక్కదాన్నే వెళ్లలేనని బాబాయిని తోడు తీసుకెళ్లాను. మిరపకాయల మేకప్‌కి కూడా ప్రైజు ఉందేమో కనుక్కో అని దారంతా ఆయన ఒకటే గోల.

అక్కడ ఎవరూ ఎవరినీ పట్టించుకోరు. మెడలో అట్టముక్క వేలాడేసుకుని జనం ఈ హాల్లోంచి ఆ హాల్లోకి పరుగెత్తుతుంటారు. మా మిల్లు ఆసామి సూటు కుట్టించుకుని వచ్చాడు. పొద్దున్నే నన్ను పక్కకి పిలిచి, సినిమా అయ్యాక నిన్ను వేదిక మీదకి పిలుస్తారు, నువ్వు నమస్కారం పెట్టి నిలబడు చాలు, మాట్లాడే పని మాకు వదిలెయ్యమ్మా అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు కదా, అందుకని అంటున్నాడనుకున్నాను. డైరెక్టరు నా మొహంలోకి చూడకుండా అటూ ఇటూ తిరుగుతున్నాడు. మొదటి సినిమా కదా, కంగారు పడుతున్నాడనుకున్నాను. పాపం అనుకుని సోడా కూడా తెప్పించి ఇచ్చాను.

సినిమా మొదలైంది. మొదట కాసేపు మాటలు లేవు. కల్లం, ఎండ, కాయలు, నేను. బాగుంది. బాబాయి తన కాయల్ని చూసుకుని మురిసిపోతున్నాడు. అప్పుడు తెర మీద నేను నోరు తెరిచాను.

లోపలి నుంచి ఇంకెవరో మాట్లాడారు.

బాబాయి తెర వైపు చూడటం మానేసి నా వైపు తిరిగాడు. నేను తిరగలేదు. తెర మీద నా పెదాలు కదులుతున్నాయి, నా మెడ నరం లేస్తోంది, నా కనుబొమ్మ ముడిపడుతోంది. మాట మాత్రం సన్నగా, శుభ్రంగా, ఎంత కావాలో అంతే, కొలిచి పోసినట్టు వస్తోంది. ఎవరో గాని బాగా చెప్పింది. అదే ఇంకా మండించింది నన్ను. బాగా చెప్పకపోయి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. డైరెక్టరు నన్ను తగ్గించు తగ్గించు అన్నాడే, ఆ తగ్గించడం ఏమిటో ఆవిడ గొంతు విన్నాక తెలిసింది.

ఇంకో విడ్డూరం. కల్లంలో నాకు దగ్గు వచ్చినప్పుడల్లా ఆ దగ్గు మాత్రం నాదే. అప్పుడు పట్టిన దగ్గుల్ని అలాగే ఉంచేశారు. స్టూడియోలో అలాంటి దగ్గు ఎవరు దగ్గుతారు? మాటలు ఆవిడవి, దగ్గు నాది. సినిమా అంతా ఇద్దరం కలిసి ఒకే మనిషిగా బతికాం. మధ్యలో కొందరు లేచి వెళ్లిపోతుంటే, ఏమ్మా పోతున్నారేంటి అని బాబాయి కంగారుపడ్డాడు. వాళ్లకి ఇంకో హాల్లో ఇంకో సినిమా ఉంటుందట, అది మామూలేనట. నాకు అదేమీ పట్టలేదు. ఈ సినిమా రేపు చీరాలలో వేస్తే మా వీధివాళ్లు ఏమంటారన్నదే తిరుగుతోంది బుర్రలో.

కథ అయిపోయి తెర మీద పేర్లు పడుతున్నాయి. ఒక్క చప్పుడు లేదు. పరిషత్తులో ఇలా జరిగితే నాటకం పోయిందనే లెక్క, మేకప్ కూడా కడుక్కోకుండా బస్సెక్కేస్తాం. నేను లేచి తలుపు దాకా వెళ్లాను కూడా. అక్కడ మిల్లు ఆసామి ఎదురొచ్చి పట్టుకున్నాడు. ఎటమ్మా వెళ్తున్నావు, అందరికీ నచ్చింది, పేర్లు పూర్తిగా పడేదాకా ఇక్కడ చప్పట్లు కొట్టరు అన్నాడు. ఆయన చెబుతుండగానే చప్పట్లు మొదలయ్యాయి. మన దగ్గరలా ఈలలూ కేకలూ లేవుగాని, ఆగకుండా చాలాసేపు కొట్టారు.

ఆ తలుపు దగ్గరే ఆయన్ని నిలదీశాను. నా గొంతేదండీ అని. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఉన్న సంగతి చెప్పాడు. నటనకి ఇక్కడ ఒక బహుమతి ఉంది. జడ్జీలు సినిమా ముందే విడిగా చూశారు, నీ గురించే మాట్లాడుకుంటున్నారని పొద్దున్నే తెలిసింది. అయితే మొహమూ గొంతూ ఒకరివే అయితేనే ఇస్తారట. ఇవాళ నువ్వు నోరు మెదపకుండా ఉంటే చాలు, ఎవరికీ తెలియదు, ఆ బహుమతి వస్తే నీ దశ తిరుగుతుంది, టీవీ సీరియళ్లవాళ్లు మీ వీధిలో బారులు తీరతారు అన్నాడు. ఆయన స్వార్థం ఆయనకుంది, కాదనను. కానీ నా మీద అభిమానం కూడా ఉంది. కోపంగా చెప్పలేదు, బతిమాలుతున్నట్టు చెప్పాడు.

వేదిక మీదకి నడుస్తూ ఆలోచించాను. నేనేదో పెద్ద నిజాయితీపరురాలిని అనుకోకండి. ఆ బహుమతి నాకు కావాలి. ఎంత కావాలో చెప్పలేను. వేషాలు లేక ఇంట్లో కూర్చుంటే నేనేం చేస్తాను? నాకు ఇంకేం వచ్చు? అన్నం కూడా మా ఆయనే నాకన్నా బాగా వండుతాడు. ఆ బహుమతి పట్టుకుని రైలు దిగుతున్నట్టు, అందరూ దండలతో నిలబడ్డట్టు కూడా కనిపించింది. వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఆ దండలు వేసేవాళ్లంతా ఎవరు? నా గొంతు తెలిసినవాళ్లు. సినిమా చూసిన మొదటి నిమిషంలోనే వాళ్లకి తెలిసిపోతుంది. మొహం మీద అనరు. దండ వేస్తారు. ఇంటికెళ్లి చెప్పుకుంటారు. అది నావల్ల కాదనిపించింది.

వేదిక మీద డైరెక్టరు, నేను. కింద మొదటి వరసలో మిల్లు ఆసామి, బాబాయి. రకరకాల దేశాలవాళ్లు అడుగుతున్నారు, డైరెక్టరు ఇంగ్లీషులో చెబుతున్నాడు. నేను నమస్కారం పెట్టి నిలబడ్డాను. అప్పుడు తెల్లజుట్టు ఆవిడ ఒకరు లేచి నా వైపు చూస్తూ ఏదో అడిగింది. డైరెక్టరు వెంటనే తెలుగులో చెప్పలేదు. మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, తర్వాత చెప్పాడు. వ్యాపారిని వెనక్కి పంపే సీనులో మీరు మాట ఎంత నెమ్మదిగా అన్నారో, అంత కోపాన్ని అంత తక్కువ గొంతులో చెప్పడం ఎలా సాధన చేశారు అని అడుగుతోందట.

ఇంకేదైనా అడిగి ఉంటే ఊరుకునేదాన్నేమో. కల్లం గురించో, ఎండ గురించో అడిగితే నవ్వి నమస్కారం పెట్టి దిగిపోయేదాన్ని. సరిగ్గా అదే అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. మైకు అతని చేతిలోనే ఉంది. నాకు మైకుతో పనేంటి?

"ఉన్నది ఉన్నట్టు చెప్పు బాబూ," అన్నాను. "ఆ గొంతు నాది కాదు. హైదరాబాదులో ఎవరో ఆడమనిషి చెప్పింది. బాగా చెప్పింది. మెచ్చుకోవాలంటే ఆవిణ్ణే మెచ్చుకోమను. దగ్గు మాత్రం నాదే."

నా గొంతు చివరి వరస దాకా వెళ్లింది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఉలిక్కిపడి చూశారు. సినిమాలో విన్న గొంతు ఇది కాదని తెలుసుకోవడానికి భాష అక్కర్లేదు కదా. డైరెక్టరు మిల్లు ఆసామి వైపు చూశాడు. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు ఆ కుర్రాడు, నిద్ర చాలని ఆ కుర్రాడు, నేనన్న ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పాడు. దగ్గు దగ్గర జనం నవ్వారు, దాన్ని బట్టి తెలిసింది అంతా చెప్పాడని. అతను తిప్పి చెప్పి ఉంటే నేను చేసేదేమీ లేదు. ఆ ఒక్క పనికి అతనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

తెల్లజుట్టు ఆవిడ కూర్చోలేదు. ఇంకో ప్రశ్న అడిగింది. ఈసారి చాలా చిన్న ప్రశ్న. డైరెక్టరు మొహం పాలిపోయింది. ఏమంటోంది అని అడిగాను.

"ఆ గొంతు ఎవరిదో పేరు చెప్పమంటోందక్కా," అన్నాడు.

అతనికి తెలియదు. మాటలు చెప్పించే పని స్టూడియోవాళ్లకి అప్పజెప్పారు, వాళ్లెవరినో పిలిచారు, ఆవిడ వచ్చి చెప్పి వెళ్లిపోయింది. చివర్లో పడిన పేర్లలో ట్రాక్టరు ఇచ్చినాయన పేరుంది, అన్నం వండినవాళ్ల పేరుంది, మిరపకాయల బాబాయి పేరు కూడా ఉంది. ఆవిడ పేరు లేదు. అతను మిల్లు ఆసామిని చూశాడు. ఆయనకీ తెలియదు. తెలియదని ఇంగ్లీషులో చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. హాల్లో మళ్లీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మాత్రం పరిషత్తు నిశ్శబ్దమే, నాటకం పోయినప్పటిది. అప్పటిదాకా నాకే అన్యాయం జరిగిందని మండిపడుతున్నాను. ఆ క్షణంలో నాకు కూడా సిగ్గేసింది. సినిమా అంతా ఆవిడ గొంతు వింటూ కూర్చుని తిట్టుకున్నానేగాని, ఎవరు ఈవిడ అని నాకు కూడా తట్టలేదు.

బహుమతి వేరే సినిమాలో ఒక ముసలాయనకి ఇచ్చారు. నేను ఆ సినిమా చూశాను. బాగా చేశాడు, గొంతు కూడా ఆయనదే. తిరుగు ప్రయాణంలో మిల్లు ఆసామి మాతోపాటు రైల్లోనే వచ్చాడు. గుంటూరు దాకా నాతో మాట్లాడలేదు. దిగేముందు మాత్రం, నీ నోటికి దణ్ణం పెట్టాలమ్మా అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో నేను అడగలేదు. బాబాయి మాత్రం నా గొంతు పెట్టి ఉంటే సినిమా ఇంకా బాగుండేదని దారంతా వాదించాడు. కాదు బాబాయ్, ఆవిడ నాకన్నా బాగా చెప్పింది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే నాకు సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు.

డైరెక్టరు తర్వాత ఒక పని చేశాడు. స్టూడియో చుట్టూ తిరిగి ఆ గొంతు మనిషిని కనుక్కుని, సినిమా చివర ఆవిడ పేరు వేయించాడు. మొత్తం మళ్లీ నా గొంతుతో చెప్పిస్తానని కూడా అన్నాడు. డబ్బు లేదు, వదిలేయమన్నాను. సినిమా హాళ్లలోకి రాలేదు. చీరాలలో మావాళ్లు ఒక పొద్దుటి ఆట వేయించుకుని చూశారు. నేను అనుకున్నట్టే మొదటి మాటకే హాలంతా గోల. "ఇదేం గొంతు, మా మనిషి గొంతేది?" అని ఒకాయన లేచి నిలబడి మరీ అరిచాడు. నాకు అంతకన్నా పెద్ద షీల్డు ఎవరూ ఇవ్వలేదు. టీవీవాళ్లు ఎవరూ బారులు తీరలేదు. ఇంకో అయిదారేళ్లు దొరికిన తల్లి వేషాలు వేసి మానేశాను.

మీరు నన్ను అడిగింది ఫెస్టివల్ ఎలా ఉంటుందని. నాకు తెలిసింది ఇంతే. సినిమాకి సంతకం పెట్టేముందు గొంతు ఎవరిదో అడగండి. సినిమా అయ్యాక గొంతు ఇచ్చినవాళ్ల పేరు అడగండి. ఇప్పుడు అక్కడికక్కడే మాటలు పట్టేస్తున్నారట, ఈ గొడవే లేదంటున్నారు. మంచిదే. అయినా అడగండి.

ఆ చీరాల ఆట అయిన కొన్నాళ్లకి, మధ్యాహ్నం భోజనాలు చేసి నడుం వాల్చాను. వీధి గుమ్మంలోంచి ఎవరో "ఇది ఫలానావారి ఇల్లేనా అండీ?" అని అడిగారు. ఆ గొంతు విని దిగ్గున లేచాను. తెర మీద నా నోట్లోంచి వచ్చిన గొంతు నా గుమ్మంలో నిలబడి ఉంది. బయటికి వచ్చి చూస్తే సన్నగా, పొట్టిగా, నాకన్నా కొంచెం చిన్నావిడ. పెద్దపెద్ద హీరోయిన్లకి మాటలు చెప్పిందట. ఎవరెవరికో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మా ఊళ్లో చీరలు కొనడానికని వచ్చానంది. చీరల కోసం వచ్చినవాళ్లు ఎవరూ ఆ వేళకి మా ఇంటికి రారు.

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. కల్లంలో పట్టిన మాటలు చెవుల్లో పెట్టుకుని, నేను ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ తనూ తీసి చెప్పిందట. స్టూడియోలో ఆ పూట కూర్చున్నంతసేపూ మీతోనే కూర్చున్నట్టు ఉందక్కా అంది. డైరెక్టరు ఫోన్ చేసి పేరు అడిగినప్పుడు, వేదిక మీద జరిగిందంతా చెప్పాడట. వాళ్లింట్లో పిల్లలకి కూడా చెప్పిందట ఆ సంగతి. చెబుతుంటే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మీరు అంత పెద్ద సభలో, వచ్చే బహుమతి వదులుకుని నా గురించి చెప్పారు అంటుంటే నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆ మెచ్చుకోలు కూడా నాది కాదు.

"నీకో మాట చెప్పాలమ్మా," అన్నాను. "ఆ రోజు నేను నీ మీద ప్రేమతో అనలేదు. నా గొంతు తీసేశారని ఒళ్లు మండి అన్నాను."

ఆవిడ గ్లాసు కింద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తెలుసక్కా," అంది. "ఇన్నేళ్లలో కోపంతోనైనా ఎవరూ అనలేదు."